ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కా, కేసింగా? డబ్బా పాడైన రోజు డేటా ఎలా బయటికొస్తుంది

ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) ఏడాది తిరక్కుండానే నిండిపోతుంది, ఫోన్లో 4కే వీడియో తీస్తే సెట్టింగ్‌ని బట్టి నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తినేస్తుంది, ఇంట్లో పెళ్లయితే ఫొటోగ్రాఫర్ ఒక హార్డ్ డిస్క్ తెచ్చివ్వండి, ఎడిట్ చెయ్యని ఒరిజినల్ ఫైళ్లన్నీ (రా ఫైళ్లు) కాపీ చేసిస్తా అంటాడు, ఇక అప్పుడు మొదలవుతుంది వెతకడం. వెతికేవాళ్లు దాదాపు అందరూ చూసేవి రెండే, ఎన్ని టీబీ, ఎంత రేటు. చూడాల్సినవే కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, కొనేటప్పుడు చాలామందికి గుర్తే రాదు. ఈ డబ్బా ఏదో ఒకరోజు ఆన్ అవ్వకపోతే లోపలున్న డేటా బయటికి తీసే దారి ఉందా లేదా? పోర్టబుల్ డ్రైవ్ కొనాలా, కేసింగ్ (డిస్క్ పెట్టుకునే ఖాళీ డబ్బా) కొని అందులో డిస్క్ పెట్టుకోవాలా అనేది తేల్చాల్సింది ఈ ప్రశ్నే.

ఎందుకంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అనేది ఒక్క వస్తువు కాదు. లోపల డేటా ఉండే డిస్క్ ఒకటి, దాని సాటా భాషని (కంప్యూటర్ లోపల డిస్కులు మాట్లాడే పద్ధతి) యూఎస్‌బీలోకి మార్చే చిన్న బోర్డు ఒకటి (బ్రిడ్జ్ అంటారు), బయట కేబుల్, దాంతో పాటు వచ్చే కరెంటు. "హార్డ్ డిస్క్ పోయింది" అని షాపుకి పట్టుకొచ్చే వాటిలో డిస్క్‌కి ఏమీ అవ్వనివి కూడా ఉంటాయి, బ్రిడ్జ్ కాలిపోయి ఉంటుంది, లేదా మైక్రో బీ పోర్టు లూజై ఉంటుంది. ఆ వెడల్పాటి, రెండు ముక్కలు పక్కపక్కన అతికించినట్టుండే పిన్ చాలా సున్నితం, డ్రైవ్ కేబుల్‌కి వేలాడుతూ రెండు మూడేళ్లు వాడితే సోల్డరింగ్ ఊడిపోవడం మామూలే. మరి అలాంటప్పుడు ఆ డిస్క్‌ని విప్పి ఇంకో బోర్డుకి పెట్టొచ్చా అంటే, అది ఏం కొన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

వెస్టర్న్ డిజిటల్ వాళ్ల చిన్న పోర్టబుల్స్ విప్పి చూస్తే చాలా మోడల్స్‌లో సాటా పిన్నులే కనపడవు. యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్క్ అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది, తోషిబావి కూడా కొన్ని ఇలాగే ఉంటాయి. అంటే పోర్టు ఊడితే ఇంకో కేసింగ్‌లో పెట్టడానికి వీల్లేదు, మైక్రో సోల్డరింగ్ తెలిసినవాళ్ల దగ్గరికో డేటా రికవరీ ల్యాబ్‌కో పోవాల్సిందే, అక్కడ అయ్యే ఖర్చు డ్రైవ్ కొన్న రేటుకి చాలా రెట్లు ఉంటుంది. దీని మీద ఇంకో చిక్కు, వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్, మై బుక్ లాంటి సిరీస్‌లలో ఎన్‌క్రిప్షన్ (డేటాని తాళం వేసినట్టు కోడ్‌లోకి మార్చడం) హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే డేటా డిస్క్ మీద ఎన్‌క్రిప్ట్ అయ్యే రాయబడుతుంది. మై బుక్ బ్రిడ్జ్ బోర్డు పోయిందని లోపలి డిస్క్ తీసి డెస్క్‌టాప్‌కి సాటా కేబుల్‌తో తగిలిస్తే విండోస్‌కి అది ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది, ఇనీషియలైజ్ చెయ్యమంటారా అని ఒక బాక్స్ వస్తుంది. ఆ బాక్స్‌లో ఓకే నొక్కకూడదు, క్యాన్సిల్ చెయ్యాలి, నొక్కితే ఉన్న పని ఇంకా కష్టమవుతుంది. సీగేట్ పోర్టబుల్స్‌లో మాత్రం చాలావాటిలో మామూలు సాటా డిస్కే ఉంటుంది, పక్కన ఒక చిన్న బ్రిడ్జ్ బోర్డు గుచ్చి ఉంటుంది, విప్పి వేరే కేసింగ్‌లో పెట్టుకోవచ్చు. అయితే విప్పితే వారంటీ పోతుంది, పైగా వారంటీ అనేది డ్రైవ్‌కే కానీ డేటాకి కాదు, కొత్త డ్రైవ్ ఇస్తారు, అందులో పెళ్లి ఫొటోలు ఉండవు.

కేసింగ్ విడిగా కొనడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. బోర్డు పోతే ఇంకో ఐదొందలో ఏడొందలో పెట్టి ఇంకో కేసింగ్ కొని డిస్క్ అందులోకి మార్చేస్తే అయిపోతుంది. మన దగ్గర ఎక్కువమందికి ఈ అవసరం ఎలా వస్తుందంటే, పాత ల్యాప్‌టాప్ స్లో అయిందని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో ఊళ్లో ఉన్న సర్వీస్ షాపులోనో ఎస్‌ఎస్‌డీ వేయిస్తారు, తీసేసిన 500 జీబీ లేదా 1 టీబీ హార్డ్ డిస్క్ చేతిలో పెడతారు, దాన్ని ఏం చెయ్యాలి అని. పడెయ్యక్కర్లేదు, కేసింగ్‌లో పెడితే చక్కగా పనిచేస్తుంది, కానీ ముందు ఒక చెకింగ్ ఉంది. ల్యాప్‌టాప్ స్లో అవ్వడానికి ఒక్కోసారి ఆ డిస్క్ చావుకి దగ్గర పడటమే కారణం అయి ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూస్తే 05, సీ5, సీ6 అని మూడు వరసలు ఉంటాయి, చెడిపోయి పక్కకి మార్చిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడులు), చదవడానికి ఇబ్బంది పడుతున్నవి, ఇక చదవలేనివి. సీ5, సీ6 పక్కన సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే, అదీ వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్‌ని నమ్మి ఏమీ పెట్టకూడదు. సీ7 పెరుగుతోందంటే మాత్రం డిస్క్‌ది కాకుండా కనెక్షన్‌ది తప్పు అయి ఉండొచ్చు, పిన్ సరిగ్గా కూర్చోకపోయినా అది పెరుగుతుంది. ఈ వివరాలు యూఎస్‌బీ మీదుగా కనపడాలంటే కేసింగ్‌లోని బ్రిడ్జ్ వాటిని దాటనివ్వాలి, మరీ చవకరకం కేసింగ్‌లలో కొన్ని దాటనివ్వవు, డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో ఎప్పటికీ తెలీదు.

కేసింగ్ కొనేటప్పుడు కొలత కూడా చూస్కోవాలి. ల్యాప్‌టాప్ డిస్క్ రెండున్నర ఇంచులు అంటారు కానీ మందం వేరే, 7 మిల్లీమీటర్లు, 9.5 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటాయి, మామూలు కేసింగ్‌లలో ఈ రెండే పడతాయి. 4 టీబీ, 5 టీబీ రెండున్నర ఇంచుల డిస్కులు 15 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, అవి వీటిలో దూరవు. తర్వాత లోపల ఏ చిప్ ఉందో అమ్మేవాళ్లు రాశారా లేదా చూడాలి. జేమైక్రాన్, ఏఎస్‌మీడియా, రియల్‌టెక్, ఈ ముగ్గురి చిప్‌లే ఎక్కువగా కనిపిస్తాయి, చిప్ నంబర్ ధైర్యంగా రాసిన కేసింగ్‌కీ, ఏమీ రాయకుండా "సూపర్ హై స్పీడ్" అని మాత్రం రాసిన దానికీ మధ్య వంద రూపాయలే తేడా ఉంటే మొదటిదే కొనాలి. యూఏఎస్‌పీ సపోర్ట్ ఉందా అనేది ఇంకోటి. పాత పద్ధతిలో కంప్యూటర్ ఒక కమాండ్ పంపి అది అయ్యేదాకా ఆగి ఇంకోటి పంపుతుంది, యూఏఎస్‌పీలో వరసగా చాలా పంపొచ్చు. తిరిగే హార్డ్ డిస్క్‌కి, అదీ పెద్ద పెద్ద సినిమా ఫైళ్లకి ఇది పెద్దగా తెలీదు, ఎస్‌ఎస్‌డీ పెడితే మాత్రం చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్నప్పుడు బాగా తేడా తెలుస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి, కేసింగ్ మార్చడం కూడా నూటికి నూరు శాతం సాఫీగా జరగదు. కొన్ని పాత కేసింగ్‌లు, కొన్ని రెడీమేడ్ డ్రైవ్‌ల బ్రిడ్జ్‌లు 2 టీబీ దాటిన డిస్క్‌ని పాత విండోస్‌లో కనిపించేలా చెయ్యడానికి సెక్టార్ సైజుని 512 బైట్లు కాకుండా 4096 అని చూపిస్తాయి. అలా ఫార్మాట్ చేసిన డిస్క్‌ని తీసి ఇంకో కేసింగ్‌లో పెడితే పార్టిషన్ కనపడదు. డేటా ఎక్కడికీ పోలేదు, లెక్క మారిపోయింది అంతే, కానీ కంగారులో ఫార్మాట్ కొట్టేస్తారు. అందుకే కొత్త కేసింగ్‌లో పాత డిస్క్ పెట్టినప్పుడు ఏ బాక్స్ వచ్చినా ముందు చదవాలి.

స్పీడ్ సంగతికొస్తే ఇక్కడ పేర్లతోనే సగం గందరగోళం. 2008లో యూఎస్‌బీ 3.0 అని వచ్చిందే తర్వాత 3.1 జెన్ 1 అయింది, ఆ తర్వాత 3.2 జెన్ 1 అయింది, మూడూ ఒకటే, సెకనుకి 5 గిగాబిట్లు. కాబట్టి 3.2 అని చూసి 3.0 కంటే గొప్పది అనుకుని ఎక్కువ డబ్బు పెట్టకూడదు, పక్కన 5 ఉందా 10 ఉందా 20 ఉందా అదే చూడాలి. తిరిగే రెండున్నర ఇంచుల డిస్క్ ఎంత కష్టపడ్డా సెకనుకి 120, 140 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, నిండేకొద్దీ లోపలి ట్రాకుల్లోకి వెళ్తుంది కాబట్టి ఇంచుమించు సగానికి పడిపోతుంది, దానికి 5 గిగాబిట్లే చాలా ఎక్కువ. సాటా ఎస్‌ఎస్‌డీ అదే 5 గిగాబిట్లలో 400 పైచిలుకు ఇస్తుంది. సాటా కంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే 10 గిగాబిట్ల కేసింగ్‌లో వెయ్యి ఎంబీ దాకా వస్తుంది. 20 గిగాబిట్లది కొనేముందు ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉందో లేదో చూడాలి, చాలా ల్యాప్‌టాప్‌లలో, మ్యాక్‌లలో అది లేదు, పెట్టినా పదికి దిగిపోతుంది. 100 జీబీ కాపీ అనుకుంటే, పాత యూఎస్‌బీ 2.0 మీద సెకనుకి 35 ఎంబీ లెక్కన 48 నిమిషాలు, హార్డ్ డిస్క్‌ని 3.0 పోర్టులో పెడితే 14 నిమిషాలు, సాటా ఎస్‌ఎస్‌డీ అయితే 4 నిమిషాలు.

ఇంత లెక్క చూసి కొన్నాక కూడా స్పీడ్ 35 దగ్గరే ఆగిందంటే చాలాసార్లు దోషి కేబులే. ఫోన్ చార్జర్‌తో వచ్చే టైప్ సీ కేబుల్స్‌లో చాలావాటిలో యూఎస్‌బీ 2.0 వైర్లే ఉంటాయి, పిన్ సరిగ్గా పడుతుంది, డ్రైవ్ కనిపిస్తుంది, కాపీ మాత్రం నత్తనడకే. కేసింగ్‌తో వచ్చిన కేబుల్‌ని పక్కన పడెయ్యకుండా దాచుకోవాలి.

కరెంటు విషయం ఇంకా ముఖ్యం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. రెండున్నర ఇంచుల డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ క్షణంలో ఒక ఆంపియర్ దగ్గర అడుగుతుంది, అందుకే పాత డెస్క్‌టాప్ ముందువైపు పోర్టులో పెడితే కట్ కట్ అని శబ్దం చేసి ఆగిపోతుంది. జనం డిస్క్ పోయిందనుకుంటారు. వెనకవైపు పోర్టులోకి మార్చి చూస్తే చాలు, నేరుగా మదర్‌బోర్డు మీద ఉండే పోర్టు కాబట్టి. అక్కడ కూడా అదే శబ్దం వస్తే మాత్రం అది హెడ్ (డేటా చదివే, రాసే భాగం) సమస్య అయి ఉండొచ్చు, వెంటనే తీసెయ్యాలి, మళ్లీ మళ్లీ పెట్టి చూసిన ప్రతిసారీ ప్లాటర్ (లోపల తిరిగే పళ్లెం) గీసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

మూడున్నర ఇంచుల పెద్ద డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీలో ఉండేది 5, కాబట్టి విడిగా అడాప్టర్ తప్పనిసరి, మామూలుగా 12 వోల్టులు 2 ఆంపియర్లది వస్తుంది. మన ఇళ్లల్లో ఒకే సైజు గుండ్రటి పిన్ ఉన్న అడాప్టర్లు నాలుగైదు ఉంటాయి, వైఫై రౌటర్‌ది, సెట్‌టాప్ బాక్స్‌ది, పాత మానిటర్‌ది. రౌటర్ అడాప్టర్ ఎక్కువగా 12 వోల్టులే కానీ 1 ఆంపియర్ ఉంటుంది, పెడితే లైట్ వెలుగుతుంది, డిస్క్ తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. అదైనా నయం. 19 వోల్టుల మానిటర్ అడాప్టర్ పొరపాటున గుచ్చితే బోర్డుతో పాటు డిస్క్ కూడా కాలిపోవచ్చు. అడాప్టర్ మీద తెల్ల స్టిక్కర్ అతికించి ఏ డ్రైవ్‌దో రాసి పెట్టుకోవడం అర నిమిషం పని. పెద్ద డిస్క్‌ని కరెంటు తరచూ పోయే చోట వాడితే యూపీఎస్ మీద పెట్టాలి, రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది.

హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీయా అనే ప్రశ్నకి జవాబు ఆ డ్రైవ్‌తో చేసే పనిలోనే ఉంది. రోజూ దాని మీద నుంచే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లకి ఎస్‌ఎస్‌డీయే, కింద పడినా తట్టుకుంటుంది. తిరిగే డిస్క్‌లో హెడ్ ప్లాటర్‌కి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంటుంది, తిరుగుతుండగా టేబుల్ మీద నుంచి పడితే ఆశ వదులుకోవడమే. కానీ ఫొటోలూ వీడియోలూ ఒకసారి ఎక్కించి బీరువాలో పెట్టి ఏడాదికోసారి తీసేవాళ్లకి హార్డ్ డిస్కే మేలు. ఎస్‌ఎస్‌డీలో డేటా ఉండేది ఎలక్ట్రిక్ చార్జ్ రూపంలో, ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పెడితే అది నెమ్మదిగా కారిపోతుంది. చిప్‌లకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాత జీవితం పూర్తయ్యాక 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలుపుకోవాలి, అంతే. కొత్త దానిలో అంతకంటే చాలా ఎక్కువే నిలుస్తుంది, అయినా రామగుండం ఎండల్లో, విజయవాడ ఎండల్లో బీరువా లోపల 30 డిగ్రీలు ఉండవు కదా. పేరున్న ఎస్‌ఎస్‌డీ అయినా గుడ్డిగా నమ్మకూడదు, 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు ఉన్నట్టుండి డిస్కనెక్ట్ అయి డేటా పోయిందని చాలామంది ఫిర్యాదు చేస్తే వెస్టర్న్ డిజిటల్ కొన్ని మోడల్స్‌కి ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, కేసులు కూడా పడ్డాయి.

పెద్ద కెపాసిటీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లలో ఇంకో విషయం బాక్స్ మీద ఎక్కడా ఉండదు, ఎస్‌ఎంఆర్. ట్రాకులని పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా రాస్తారు, అలా అదే ప్లాటర్‌లో ఎక్కువ పడుతుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవన్నీ తీసి మళ్లీ పేర్చాలి కాబట్టి, పాత ఫైళ్లు తీసేసి కొత్తవి రాస్తూ ఉంటే మొదట్లో వంద పైన వచ్చిన స్పీడ్ కాసేపటికి పదుల్లోకి పడిపోతుంది. ఈ సంగతి చెప్పకుండా అమ్మడం పెద్ద గొడవే అయింది, 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ సిరీస్ డిస్కులు కొన్నిటిలో ఎస్‌ఎంఆర్ ఉందని బయటపడి కంపెనీ ఏ మోడల్స్‌లో ఉందో లిస్ట్ ఇవ్వాల్సి వచ్చింది. రెండున్నర ఇంచుల్లో 2 టీబీ, ఆ పైన ఇప్పుడు దాదాపు అన్నీ ఎస్‌ఎంఆరే. ఒకసారి రాసి దాచుకోవడానికి దానివల్ల ఏ నష్టమూ లేదు. రోజూ రాసి చెరిపే పనికి మాత్రం వద్దు. పెద్ద కాపీ అయ్యాక వెంటనే పీకెయ్యకుండా కాసేపు అలాగే వదిలేస్తే లోపల సర్దుకునే టైమ్ దొరుకుతుంది.

ఫార్మాట్ గురించి క్లుప్తంగా. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్‌కి బాగుంటుంది, మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ రాయదు. రెండిట్లో వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్, కాకపోతే దాంట్లో జర్నలింగ్ (చేస్తున్న మార్పులని ముందే రాసిపెట్టుకునే పద్ధతి) లేదు, కాపీ మధ్యలో పీకితే దెబ్బతినే అవకాశం ఎక్కువ, సేఫ్‌గా ఎజెక్ట్ చేసే అలవాటు ఉండాలి. టీవీలో రికార్డింగ్‌కి పెడితే టీవీ ముందు డ్రైవ్ మొత్తం ఫార్మాట్ చెయ్యమని అడుగుతుంది, ఫొటోలున్న డ్రైవ్ పెట్టి ఓకే కొట్టకూడదు. ఇక 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ అని చూపించడం మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది.

అసలు మోసం వేరే ఉంది. రెండు మూడు వేలకి 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అని ఆన్‌లైన్లో కనిపిస్తూనే ఉంటాయి. అలాంటిది ఆ రేటుకి ఎవరూ తయారుచెయ్యలేరు. విప్పితే లోపల ఒక చిన్న మెమరీ కార్డో చవక ఫ్లాష్ చిప్పో ఉంటుంది, కంప్యూటర్‌కి 16 టీబీ అని అబద్ధం చెప్పేలా ఫర్మ్‌వేర్ మార్చి ఉంటుంది. దుర్మార్గం ఏంటంటే అది మొదట బాగానే పనిచేస్తుంది, అసలు కెపాసిటీ నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే రాసేస్తుంది, ఫోల్డర్లో పేర్లన్నీ కనిపిస్తుంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు, అది తెలిసేసరికి ఫోన్లో ఒరిజినల్స్ డిలీట్ చేసేసి ఉంటారు. సెకండ్ హ్యాండ్‌ని కొత్తదని అమ్మడం ఇంకో రకం. 2025 మొదట్లో యూరప్‌లో కొత్తవిగా అమ్ముడైన సీగేట్ ఎక్సోస్ డిస్కులు అప్పటికే వేల గంటలు తిరిగినవని జర్మనీ టెక్ మీడియా బయటపెట్టింది, డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే మామూలు లెక్కల్లో (స్మార్ట్ అంటారు) గంటలు సున్నా చేసేశారు, కానీ సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ లాగ్ అని విడిగా ఒకటి ఉంటుంది, దాన్ని మార్చలేదు, అక్కడ దొరికిపోయారు. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లో ఆ లాగ్ చూడొచ్చు. బిల్లు లేకుండా, సీల్ లేకుండా "బల్క్ పీస్" అని పెద్ద డిస్క్ తక్కువకి ఇస్తుంటే ఈ రెండు లెక్కలూ పోల్చి చూసే తీసుకోవాలి.

కాబట్టి వచ్చిన డ్రైవ్‌లో మొదటి రోజే ఫొటోలు ఎక్కించెయ్యకుండా, రిటర్న్ గడువు ఉండగానే ఖాళీ డ్రైవ్ మీద ఒక పూర్తి టెస్ట్ నడపాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో లైనక్స్‌లో ఎఫ్3, రెండూ ఉచితమే, డ్రైవ్ నిండా రాసి మళ్లీ మొత్తం చదివి సరిపోల్చి చూస్తాయి, కాబట్టి నకిలీ కెపాసిటీ అయినా, చెడ్డ సెక్టార్లయినా, వేడెక్కి మధ్యలో డిస్కనెక్ట్ అయ్యే బ్రిడ్జ్ అయినా అక్కడే బయటపడుతుంది. 2 టీబీ హార్డ్ డిస్క్‌కి సెకనుకి వంద ఎంబీ లెక్కన రాయడానికే ఐదున్నర గంటలు, చదవడానికి ఇంకో అన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి దాదాపు అయిపోతుంది. అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఇంకోసారి తెరిచి 05, సీ5, సీ6 సున్నాలుగానే ఉన్నాయో లేదో చూసి, బిల్లు ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకుని, అప్పుడు ఎక్కించాలి. ఎక్కించినవి ఇంకోచోట కూడా ఉండాలి, ఇంకో డిస్క్‌లోనైనా, క్లౌడ్‌లోనైనా. ఫోన్లో స్పేస్ కోసం అక్కడ డిలీట్ చేశాక ఈ డ్రైవ్‌లో ఉన్నదే ఒరిజినల్ అయిపోతుంది కాబట్టి, ఆ రెండో కాపీ అయ్యేదాకా ఫోన్లోంచి ఏదీ తీసెయ్యకూడదు.